మునెయ్య వాపసిచ్చిన నూలు కార్డు

1948. నగరి నూలు డిపోలో క్లార్కుగా చేరి నాకది మూడో ఏడు. యుద్ధం నాటి నుంచీ నూలు మీద కంట్రోలు ఉండేది. ప్రతి నేతగాడికీ ఒక యార్న్ కార్డు ఉండేది. ఇంట్లో ఎన్ని మగ్గాలుంటే అన్నింటికి సరిపడా నూలు కట్టలు నెలనెలా ఆ కార్డు మీద ఇచ్చేవాళ్లం. కార్డు లేనివాడికి పోగు కూడా దొరికేది కాదు.

పొద్దున డిపో తలుపులు తీయకముందే నేతగాళ్లు అరుగు మీద చేరేవారు. నేను పత్రిక చదివి వినిపించేవాణ్ణి. చదివి ఊరుకుని ఉంటే బాగుండేది. స్వరాజ్యం వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు, నాకేమో ఇరవై ఆరేళ్లు. ఢిల్లీలో మంత్రులు నన్ను అడిగే నిర్ణయాలు చేస్తున్నంత ధీమాగా మాట్లాడేవాణ్ణి.

ఆ ఏడాది మొదట్లో కొత్త ప్రభుత్వం డీకంట్రోల్ ప్రకటించింది. అంటే గుడ్డ మీద, నూలు మీద ఉన్న ఆంక్షలు ఎత్తేయడం. దాచిన సరుకంతా ఇక బజారుకొస్తుందని, పోటీ పెరిగి ధర దిగుతుందని, ఏడాది తిరిగేసరికి దేశం కుదుటపడుతుందని అరుగు మీద కూర్చుని వివరించాను.

కార్డులు ఇచ్చేవాళ్ల దగ్గర వాపసు తీసుకోమని మాకు పైనుంచి కాగితం వచ్చింది. ఇచ్చి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు. చాలామంది నా మాటలకు తలూపి, కార్డును ఇంటి దూలంలో దోపుకున్నారు. మునెయ్య ఒక్కడే భార్య నాగమ్మతో కార్డు పట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఉన్నది ఒక్క గుంటమగ్గం. ఆయన నేస్తే ఆమె నూలును కండెలకు చుట్టేది.

"అప్పా, నువ్వు సదువుకున్నోడివి. ఇది ఇచ్చేస్తే మళ్లీ అవసరం పడదు గదా?" అని అడిగాడు.

"ఇంక మనోళ్ల రాజ్యమే గదన్నా. దీన్ని పెట్టుకుని ఏం జేస్తావు?" అన్నాను.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట అని నాగమ్మ గొణిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కార్డు అందుకుని రద్దు ముద్ర కొట్టాను.

నూలు బజారుకు రాలేదు సరిగదా, ఉన్నది కూడా మాయమైంది. పెద్ద వ్యాపారులు బేళ్లకు బేళ్లు, అంటే మిల్లు నుంచి వచ్చే నూలు మూటలు, గోదాముల్లో వేసి తాళం పెట్టారు. ధర మునెయ్యకు అందనంత పైకి పోయింది.

నేతలో ఒక పద్ధతి ఉంది. నేసిన గుడ్డ కోశాక మగ్గాన్ని బోసిగా వదలరు. పడుగు అంటే నిలువు పోగులు. పాత పడుగు కొసలను మగ్గానికే ఉంచి, కొత్త పడుగును ఒక్కో పోగూ వాటికి అతుకుతారు. పని లేని మూడో నెలలో మునెయ్య ఆ కొసలు కూడా కోసి, మొలతాళ్లు పేని సంతలో అమ్ముకున్నాడు.

వేసవి దాటాక ప్రభుత్వం కంట్రోలు తిరిగి పెట్టింది. పాత కార్డు ఉన్నవాళ్లకు వెంటనే నూలు దొరికింది. లేనివాళ్ల ఇళ్లకు ఇన్‌స్పెక్టరు వెళ్లి, పడుగు ఉన్న మగ్గానికే కొత్త కార్డు రాయాలి. ఆయన వెంట నేనే వెళ్లాను. పడుగు లేని మునెయ్య మగ్గం చూసి, ఇది నడిచేది కాదన్నాడు ఇన్‌స్పెక్టరు. నా మాట మీదే కార్డు వాపసిచ్చాడని చెప్పి బతిమాలాను. ఆయన వినలేదు. గుమ్మంలో నాగమ్మ నిలబడి ఉంటే తలెత్తి చూడలేకపోయాను.

అర్జీలు రాశాను, రెండుసార్లు చిత్తూరు వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఈలోగా మునెయ్య మగ్గం కొయ్యలు వంటచెరకు కింద అమ్మేసి, మూటలు మోయడానికి రేణిగుంట గూడ్సు షెడ్డుకు పోయాడు.

వెతుక్కుంటూ వెళ్లి, క్షమించమన్నాను. ఆయన తిడితే నాకు నయంగా ఉండేది.

"నువ్వు అబద్దం సెప్పలేదప్పా," అన్నాడు. "నువ్వూ నమ్మినావు, నేనూ నమ్మినాను. గవుర్మెంటు గూడా నమ్మే జేసింటాది. తప్పయినాక వాళ్లు ఆర్డరు మార్సుకున్నారు. నీ కుర్సీ నీకుండాది. నా మగ్గమే యాడా లేదు."

తర్వాత చాలా ఏళ్లు అదే ఉద్యోగం చేశాను. ప్రభుత్వాలు మారినప్పుడల్లా, ఇక దేశం ఎట్లా ఉంటుందని జనం అడుగుతూనే ఉన్నారు. జవాబు చెప్పేముందు, నా మాట తప్పయితే పోయేది ఎవరిదని నన్ను నేను ప్రశ్నించుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా అది నాది కాదు.