ఎర్ర కారు గొంతు, తెల్లెద్దు సుడి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. పైగా ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కూడా కాదు. కారు వస్తుంటే కళ్లకంటే ముందు చెవులకు తెలిసిన కాలం, మీలో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మొన్న మా మనవరాలు కరెంటు కారు కొని, నన్ను ఎక్కించుకొని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బయలుదేరింది. నా చదువు మూడో తరగతితోనే ఆగినా, ఏ ఇంజను ఎందుకు దగ్గుతోందో గోడ అవతల నుంచి చెప్పగలిగినవాణ్ని, నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. మూగమొద్దు కారని ఎగతాళి చేస్తే, ఆ పిల్ల నవ్వి కాస్త తొక్కింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది.

"ఏం తాతా, మూగమొద్దు ఎట్లుండాది?" అంది.

ఒప్పుకోవాలి, అంత చప్పున వేగమెత్తుకునే బండిని నేనెప్పుడూ ఎక్కలేదు. అయినా పరుగు వేరు, గొంతు వేరు, గొంతు లేని బండికి పౌరుషం ఎక్కడిదని వాదిస్తూనే ఉన్నాను, ముందర ఒక ఎద్దుల బండి కనపడేదాకా. మా కారు దాని పక్కనుంచే దాటింది. ఎద్దు చెవి కూడా కదిలించలేదు. నా వాదం అక్కడే నిలిచిపోయింది.

ఆ దారిలోనే, నాకు ఇరవై ఏళ్లప్పుడు జరిగింది. నంద్యాలలో మా మేనమామ మోటారు షెడ్డులో పని చేసేవాణ్ని. ఒక షావుకారు కొడుకు బెంగుళూరు నుంచి రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చి, బాగు చేయమని మాకు వదిలాడు. నేలకు జానెడెత్తు, మన గుంతల దారులకు ఏమాత్రం పనికిరాని సొగసు. సైలెన్సర్ బిగించినాకనే బండి కదపమని, మాట తప్పితే షెడ్డు గడప తొక్కనీయనని మామ గట్టిగా చెప్పి ఊరికి పోయాడు. సైలెన్సర్ లేకుండా ఆ ఇంజను పులి మాదిరి గాండ్రించేది. ఆ గొంతు కోసమే, బిగించకుండానే ఆళ్లగడ్డ దాకా తోలాను.

తిరిగి వస్తుంటే ముందర మా నాయన బండి కనిపించింది. శనగల మూటలతో నంద్యాల మార్కెట్టుకు పోతున్నాడు. కుడివైపు కట్టిన తెల్లెద్దు దూడగా ఉన్నప్పుడు నా అరచేతిలో బెల్లం నాకి పెరిగినది. కొడుకు ఎట్లాంటి కారు తోలుతున్నాడో నాయన తిరిగి చూడాలని, బండి పక్కకు రాగానే బలంగా తొక్కాను. అంతే, తెల్లెద్దు బెదిరి కాడిని లాక్కొని గుంతలోకి దూకింది, నాయన కిందపడ్డాడు, చక్రం ఆయన పాదం మీదుగా పోయింది.

పరుగెత్తి ఆయన్ను లేపేలోపల చేలల్లోని మనుషులు చేరారు, నేను సాయానికి కారు ఆపాననుకున్నారు. ఒక పెద్దాయన ఎద్దు వీపు తడిమి, వెంట్రుకల సుడిని వేలితో చూపించాడు.

"ఇది యజమానికి అచ్చిరాని సుడప్పా, ఇన్నాళ్లూ చూసుకోకుంటివే?"

నాయన ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను చెబుతానని చూశాడు. నాకు మామ షెడ్డు, ఎర్ర కారు, నలుగురిలో పోయే పరువు గుర్తొచ్చి తల దించుకున్నాను. అప్పుడు నాయనే మెల్లగా, ఎద్దే బెదిరిందన్నాడు.

పాడు సుడి అని పేరు పడినాక దాన్ని కాడికి కట్టేందుకు ఏ రైతూ కొనలేదు. సంతల్లో మాంసం కోతకు కొనేవాళ్లే ఇంటికొచ్చి తోలుకుపోయారు. పలుపు నాతోనే విప్పించారు. అది అలవాటుగా నా అరచెయ్యి నాకింది. గోడకు ఆనుకొని ఒంటికాలి మీద నిలబడిన నాయన నాతో ఒకే మాటన్నాడు.

"దానికి నోరు లేకపాయ. నీకుండె గదరా."

బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు, ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఆయన పోయేదాకా నేనూ నోరు విప్పలేదు. మొన్న మనవరాలు, "ఏందీ తాతా, కండ్లు తుడుసుకుంటాండావ్?" అని అడిగితే కూడా ఎండ అన్నాను. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఇప్పటికీ ఎక్కడైనా స్పోర్ట్స్ కారు గాండ్రిస్తే ఒళ్లు పులకరిస్తుంది, ఆ వెంటనే నా అరచెయ్యి తడిగా అనిపిస్తుంది. ఎద్దును బెదిరించని కారు వచ్చేసరికి, బెదిరేందుకు దారిలో ఎద్దులే అరుదైపోయాయి.

మీ గుమ్మం ముందు ఆగే బండి ఏదైనా కానీ, అందులోంచి దిగే మీవాళ్లంతా చల్లగా దిగాలి. చెప్పవలసిన మాట చెప్పవలసిన రోజే చెప్పే ధైర్యం మీ ఇంటిల్లిపాదికీ కలగాలి.