బానెట్ మీద చెయ్యి

ఆగి ఉన్న కారు బానెట్ చూస్తే నాకు ఒమాన్‌లోని రూవిలో మా పై ఫ్లాటు అన్నయ్య గుర్తొస్తాడు. వదిన ఆసుపత్రిలో నర్సు. ఆవిడ వీసా మీద వచ్చిన ఆయనకు ఉద్యోగం లేదు. రోజూ ఆవిడను కారులో దింపి రావడాన్ని "నా డ్యూటీ" అనేవాడు. బండి తీసే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. వెనక ఎవరు హారన్ కొట్టినా ఆ చెయ్యి కదిలేది కాదు.

ఒక శుక్రవారం బిల్డింగు కిందే తనే ఆయిల్ మార్చబోయాడు. ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే బోల్టు సగం తిరిగి, అంచులన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది. స్పానర్ జారిపోతోంది. గుడ్డ చుట్టాడు, ప్లయర్ వేశాడు, సుత్తితో కొట్టాడు. ఇటు ఊడదు, అటు బిగియదు. ఆయిల్ మాత్రం బొట్లు బొట్లుగా కారుతోంది. పక్కన టార్చి పట్టుకుని కూర్చోవడం తప్ప నాకూ ఏమీ తోచలేదు.

యూనిఫాంలో వదిన దిగి వచ్చింది.

"ఇంకెంతసేపండీ? డ్యూటీకి లేటవుతోంది."

"అయిపోయిందే, ఒక్క తిప్పు" అన్నాడు కారు కింద నుంచే.

ఆవిడ కాసేపు చూసి టాక్సీ పిలిచింది.

టాక్సీ రాగానే అన్నయ్య బయటికి పాక్కుంటూ వచ్చి దాని ముందు నిలబడ్డాడు. మోచేతుల దాకా నల్లటి ఆయిల్. తెల్లటి బానెట్ కేసి చూసి, అరచేతిని దానికి తగలకుండా కాస్త ఎత్తులో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఒమానీ డ్రైవరు ఇంజన్ ఆపేసి కూర్చున్నాడు.