సున్నం వేసిన మిద్దెలు

మొన్న ఎండలు ముదరక ముందే మా ప్రొద్దుటూరు కాలనీకి వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఈ వరసలో ఇళ్ళన్నిటికీ మిద్దెల మీద తెల్లరంగు వేస్తారనీ, దానివల్ల గదుల్లో వేడి తగ్గి కరెంటు బిల్లు కూడా తగ్గుతుందనీ చెప్పింది. ఆమె చేతిలో చిన్న తుపాకీలాంటి పరికరం ఒకటుంది. దాన్ని నేలకు గురిపెడితే నేల ఎంత కాలుతోందో అంకెల్లో చూపిస్తుందట. జీవితమంతా బడిలో లెక్కలు చెప్పినదాన్ని, అంకె కనబడితే వదలలేను కనుక, మోకాళ్ళు వద్దంటున్నా ఆమె వెనకాలే మెట్లెక్కి, రంగు వేసిన పక్కింటి మిద్దె మీద ఒకసారి, వెయ్యని మా మిద్దె మీద ఒకసారి చూపించమన్నాను. “చూడవ్వా, ఎంత తేడానో!” అని ఆ అమ్మాయి నా ముఖంలోకి ఆశగా చూసింది గాని, ఆ తేడా నా అరికాళ్ళకు ఎప్పుడో తెలుసునని ఆమెకు ఎట్లా చెప్పను? మధ్యాహ్నపు ఎండలో ఆ తెలుపును చూస్తూ నిలబడితే కళ్ళు మూతలు పడి, ఎక్కడినుంచో తడిసున్నం వాసన వచ్చినట్టయింది. అప్పటినుంచీ మనసు మా మొదటి కాలనీ ఇల్లున్న జమ్మలమడుగు వదిలి రావడం లేదు.

నా ఈడువాళ్ళకు ఆనాటి కాలనీలు గుర్తుండే ఉంటాయి. ఊరి బయట కంపచెట్లు కొట్టించి, నేల మీద ముగ్గుతో గీతలు గీసి, ఒకే కొలతకు వరసలు వరసలుగా కట్టిన ఇళ్ళు. రెండు గదులు అనేవాళ్ళు గాని, సరిగ్గా చెప్పాలంటే ఒక గదీ, గది అనిపించుకోవాలని ఆశపడే మరో మూలా. పైన సిమెంటు స్లాబు. పక్కపక్క ఇళ్ళకు గోడ ఒకటే, పైన స్లాబూ ఒకటే. మా ఆయన అప్పట్లో నాపరాళ్ళు కోసే చోట పనిచేసేవాడు. నేను మిషను బడిలో కొత్తగా చేరిన టీచరును, జీతం పేరుకే. ఆ ఇల్లు మాకు మంజూరైన రోజున మా ఆయన తాళంచెవిని చొక్కా జేబులో పెట్టుకుని చర్చికి వచ్చి, ప్రార్థన జరుగుతున్నంతసేపూ జేబు మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

ఆ ఇంటికి ముందు నాకు తెలిసిన ఇల్లంటే ముద్దనూరు దగ్గర పల్లెలో మా అత్త మిద్దె. దూలాల మీద దంతెలు, వాటి మీద బోదగడ్డి, ఆ పైన మందంగా మన్ను, అన్నిటికీ పైన చౌడు. వాన నీళ్ళు తగిలితే బిగిసిపోయి చుక్క దిగనివ్వని ఆ తెల్లటి ఉప్పుమన్నును ఏటా వానలకు ముందు గంపలతో మోసి మిద్దె మీద పరిచి, దిమ్మిసతో కొట్టి చదును చేసేవాళ్ళు. లోపల మధ్యాహ్నం కూడా మసక మసకగా, బావిలోకి దిగినంత చల్లగా ఉండేది. మిద్దెకు నడుమ గవాక్షి ఉండేది, పైకప్పులో జానెడు సందు. దాంట్లోంచి ఒక ఎండ పలక లోపలికి దిగి, పొద్దుతోపాటు పేడనీళ్ళతో అలికిన నేల మీద మెల్లగా నడిచేది. అది రోలు దగ్గరికి వచ్చిందంటే మా అత్త సంగటికి ఎసరు పెట్టేది. గోడెక్కిందంటే గొడ్లు ఇంటికొచ్చే వేళ. నేను చేతి గడియారంతో సరిచూసేదాన్ని. ఆమెను తప్పుపట్టే అవకాశం ఒక్కనాడూ దొరకలేదు.

అయితే ఆ మిద్దె మా వాళ్ళు కట్టుకున్నదే గాని, కింద నేల ఒక పెద్ద రైతుది. లెయ్యమంటే లేచిపోవలసిన బతుకు. అందుకే కాలనీ ఇల్లంటే మా అత్తకు అంత మురిపెం.

మా పెద్దమ్మాయి చలికాలంలో పుట్టింది. ఎండాకాలం వచ్చేసరికి చంటిబిడ్డ. ఉగాది ఇంకా రానేలేదు, స్లాబు కాలడం మొదలయింది. పగలంతా తాగిన ఎండను అది పొద్దుగూకినాక మా మీద వదిలేది. మా ఆయన ఎక్కడెక్కడో అడిగి ఒక ఫ్యాను తెచ్చి బిగించాడు గాని, అది పైనున్న సెగను కిందికి దించి పంచడం తప్ప వేరే పనేమీ చెయ్యలేకపోయింది. బిడ్డ ఒంటినిండా చెమటకాయలు లేచి, పాలు తాగడం మానేసి, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పడుకుని ఉండేది. ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, మందు కంటే ముందు చల్లటి చోటు చూడమంది.

చల్లటి చోటు ఉంది, ముద్దనూరు దగ్గర. కాని ఆ నెలలోనే కాలనీలో దండోరా వేశారు. మంజూరైన ఇళ్ళలో కాపురముండకుండా తాళాలు వేసుకుని పోయినవాళ్ళ ఇళ్ళు రద్దుచేసి వేరేవాళ్ళకు ఇస్తారట, చూడటానికి ఆఫీసువాళ్ళు ఎప్పుడైనా వస్తారట. అప్పటికే సగం వరస వేడికి తట్టుకోలేక పాత ఊళ్ళకు పోయింది. ఇల్లు నిలబెట్టుకోవాలంటే బిడ్డను ఆ సెగలో ఉంచాలి. బిడ్డను కాపాడుకోవాలంటే ఇల్లు వదులుకోవాలి. ఎన్నో లెక్కలు చేసిన నాకు ఆ లెక్క మాత్రం ఏ వైపునుంచి చేసినా తెగలేదు.

కబురు అందగానే మా అత్త బస్సు దిగి నేరుగా వచ్చింది. గడపలో అడుగుపెట్టి, తల పైకెత్తి స్లాబును చూసింది.

“ఏంది మే ఇది, ఇల్లా? పెనం బోర్లేసి దాని కింద బిడ్డను పండబెట్నారా? గవాక్షి యాడ పెట్నారు?”

గవాక్షి లేదన్నాను.

“గవాక్షి లేకుంటే యేడి యాడికి పోవల్ల? బిడ్డ నెత్తి మీదికే గదా! మూట గట్టుకోండి, మా ఊరికి పోదాం.”

మా ఆయన తలవంచుకుని దండోరా సంగతి చెప్పాడు. ఆమె బిడ్డను ఒళ్ళో వేసుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది. చివరికి కొడుకుతో అంది:

“మీ నాయిన ఇంగొకరి నేల మీదనే పుట్నాడు, ఆడనే పాయ. మన ఇంట్లో పట్టా వుండేది దీనికొక్కదానికే. దీన్ని ఇడిసేది ల్యా. మనం మిద్దె కాడికి పోయేదేంది, మిద్దెనే ఈడికి తెస్తా.”

అన్నంత పనీ చేసింది. రెండెద్దుల బండిలో చౌడు తోలించి, నిచ్చెన వేయించి, తానే పైకెక్కి పరిచింది. పక్కింటి అక్క కూడా తన కప్పు మీద పోయించుకుంటానని చెంగు బిగించింది. నేను కింద నిలబడి గంపలు అందించాను. ఎన్ని గంపలు, గంప బరువెంత అని ఆ సాయంత్రం కూర్చుని లెక్క కడితే, మా ఇంటిల్లిపాది బరువుకు ఎన్నో రెట్లు మా తలల మీద ఉన్నట్టు తేలింది. కాని రెండు రోజులకు గది నిజంగానే చల్లబడింది. బిడ్డ పాలు తాగింది. ఆ మధ్యాహ్నం ఊయెల కిరుకిరు తప్ప ఏ చప్పుడూ లేని ఆ మసకలో, నేనూ మా అత్తా చెరో గోడకు ఆనుకుని నిద్రపోయాం. అంత తియ్యటి నిద్ర మళ్ళీ నాకు రాలేదు.

ఆ వారంలోనే ఇళ్ళు చూడటానికి ఇంజనీరు వచ్చాడు. కోస్తావైపు కుర్రాడు, మీసాలు ఇంకా సరిగ్గా దిగలేదు. మిద్దె చూసి అదిరిపడ్డాడు.

“ఎవరు పొయ్యమన్నారండీ ఈ మట్టి?”

“అండీ గిండీ తర్వాతప్పా,” అంది మా అత్త. “ముందు లోపలికొచ్చి కూచో. కాలుతాండాదా, సల్లగుండాదా, నీ నోటితో సెప్పు.”

అతను చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, ఊయెలవంక చూసి, గొంతు తగ్గించాడు. చల్లగానే ఉందని ఒప్పుకున్నాడు. కాని చౌట్లో ఉప్పు ఉంటుంది, స్లాబులో ఇనుపచువ్వలు ఉంటాయి, తడి తగిలితే ఉప్పు ఇనుమును తినేస్తుంది, కర్రల మిద్దెకు మంచిదే ఈ మిద్దెకు చేటని ఓపికగా చెప్పాడు. బరువు సంగతీ చెప్పాడు. వానలకు ముందే తీసెయ్యాలన్నాడు.

“మా తాతల కాడ్నుంచి పోస్తాండాం చౌడు. ఒక్క మిద్దెన్నా కూలిండాదేమో సూపీ!”

వాకిట్లో నిలబడ్డ పక్కింటి అక్క నవ్వు ఆపుకోలేక, “టీచరమ్మ కంటే మీ అత్తే బాగ సెప్తాండాది పాఠం,” అంది. ఇంజనీరు కూడా నవ్వాడు గాని, మాట మాత్రం మార్చుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఒక సాయంత్రం గాలిదుమ్ము లేచి, ఆకాశం ఇటుకరంగుకు తిరిగి, అకాలపు వాన పడింది. పల్లెలో మిద్దెకు వాలు ఉంటుంది, నీళ్ళు కప్పు అంచున పెట్టిన దోనెల్లోంచి ధారగా వీధిలోకి పడతాయి. ఇక్కడ స్లాబుకున్న ఒక్క గొట్టం చౌడు అడ్డంపడి పూడుకుపోయింది. నీళ్ళు పైనే నిలిచాయి. కాసేపటికి ఊయెలకు సరిగ్గా పైన స్లాబు మీద చెమ్మ మరక లేచి, చూస్తుండగానే పెద్దదై, ఒక చుక్క జారి బిడ్డ దుప్పటి మీద పడింది.

మా అత్త ఆ చుక్కను చూసింది. ఊయెల తాళ్ళు తనే విప్పి పక్కగదిలో కట్టింది. తెల్లవారి నేను లేచేసరికి నిచ్చెన గోడకు వేసి ఉంది, తడిచౌడు నింపిన గంప నెత్తిన పెట్టుకుని ఆమె మెట్టు మెట్టు దిగుతోంది. మా ఆయన అందుకోబోతే మోచేత్తో తోసేసింది. పొయ్యడానికి పట్టినదానికంటే తియ్యడానికి ఎక్కువ కాలం పట్టింది. తడిసిన చౌడుకు బరువెక్కువ. చివర చీపురుతో ఊడ్చి, బిందెలతో నీళ్ళు పోసి కడిగి, ఉప్పు లేదని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని చూసి మరీ దిగింది.

మళ్ళీ సెగ మొదలయింది. బిడ్డ మళ్ళీ ముడుచుకుంది. ఈసారి మా అత్త మూట కట్టింది. పొద్దున బస్సుకు పోదామని నిశ్చయమైంది. ఇల్లు పోతే పోనీ అని మా ఆయన నోటితో అన్నాడు, కళ్ళతో అనలేకపోయాడు.

ఆ సాయంత్రమే ఇంజనీరు వచ్చాడు, చౌడు తీశారో లేదో చూడటానికి. మిద్దె ఎక్కి అద్దంలా కడిగి ఉండటం చూసి, దిగి మూట చూసి, ఆగిపోయాడు. చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. ఎండను మోసే బదులు దాన్ని పైనుంచే తిప్పి పంపాలని, సున్నం చిక్కగా, ఒక పూత మీద ఒక పూత వెయ్యమని చెప్పాడు. తర్వాత బొగ్గుముక్క అడిగి తీసుకుని, స్లాబుకు కాస్త కింద ఎదురెదురు గోడల్లో రెండుచోట్ల గీతలు గీసి, అక్కడ ఇటుకలు తియ్యమన్నాడు.

మా అత్త నడుము మీద చేతులు పెట్టుకుని ఆ గీతల్ని చూసింది.

“మీ అండీల ఊర్లో గవాక్షి గోడకు పెడ్తారా అప్పా? పెట్టు పెట్టు. యేడికి దోవ దొరికితే సాలు.”

ఎర్రగుంట్ల వైపునుంచి తెచ్చిన సున్నపురాళ్ళు తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతమని పొగలు కక్కుతూ ఉడికాయి. రాలిపోకుండా తుమ్మబంక కలిపింది మా అత్త, ఆ సంగతి ఇంజనీరుకు తెలియదు. పూతలు ఆరిన మర్నాడు మూట విప్పాం, ఊయెల మళ్ళీ ముందుగదికి వచ్చింది. చౌడంత చల్లదనం రాలేదు, అబద్ధమెందుకు చెప్పాలి. కాని బిడ్డ పాలు తాగేంత, మనిషి నిద్రపోయేంత చల్లదనం వచ్చింది. మేము ఆ ఇంట్లోనే కాపురమున్నామని ఆఫీసువాళ్ళు రాసుకుపోయారు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. స్లాబు ఒకటే కావడంతో, పక్కవాళ్ళది నల్లగా ఉంటే వాళ్ళ వేడి గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. అందుకని మా వరసలో ఒక ఆచారం మొదలయింది. ఏటా ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు శనివారం, అందరూ ఒకేసారి మిద్దెలెక్కి సున్నం వేసేవాళ్ళు. ఎవరింట్లోనైనా ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ మిద్దె మిగతావాళ్ళు వేసేవాళ్ళు. దయతో కాదు, వెయ్యకపోతే తమ ఇల్లు కాలుతుంది గనుక. ఎవరైనా బద్ధకిస్తే వీధంతా గొడవ. పొద్దుగూకేసరికి ఆ చివరినుంచి ఈ చివరిదాకా వరస మొత్తం వెన్నెల పరిచినట్టు తెల్లబడేది. మోచేతుల దాకా సున్నంతో ఆడవాళ్ళం పిట్టగోడల మీద కూర్చుని, దూరంగా పెన్నలో ఇసుక రంగు మారడం చూస్తూ ఉండిపోయేవాళ్ళం.

ఆ చంటిబిడ్డ ఇప్పుడు పులివెందులలో టీచరు, త్వరలో రిటైరవుతుంది. వాళ్ళింట్లో గదికొక ఏసీ. మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. పోయింది ఆ కాలనీ ఇంట్లోనే, తన కొడుకు నేల మీద. జమ్మలమడుగు వదిలి మేము ప్రొద్దుటూరు వచ్చాక, ఆ వరసలో సున్నం వేసేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారని విన్నాను.

నిన్న మా మిద్దె మీద కూడా తెల్లరంగు వేశారు. కాంట్రాక్టు మనుషులు వచ్చి, గంటలో పని ముగించి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను తప్ప ఇంట్లోవాళ్ళెవరూ పైకెక్కి చూడలేదు. పని చక్కగా చేశారు, వంక పెట్టడానికి లేదు. సచివాలయం అమ్మాయి చెప్పినట్టే కరెంటు తగ్గుతుందని నా లెక్కకూ తేలింది. ఈ మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకుంటే నా గది హాయిగా ఉంది. పక్కగోడ మీద చెయ్యి ఆనించాను. అది కూడా చల్లగానే తగిలింది. ఆ గోడకు అవతల ఎవరుంటున్నారో, వాళ్ళింట్లో ఊయెల ఉందో లేదో, ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.