తాళం పెట్టెలో పుట్టిన ఎరుపు

మా బడి సైన్సు టీచరమ్మ పోయింది. ఆ సంగతి నాకు జనగామ బస్సు కండక్టరు చెప్పాడు. కామెర్లు ముదిరి జనగామ దవాఖానలో నాలుగు రోజులు ఉందట. సాగనంపి అప్పటికే మూడు రోజులయిందట. చెప్పినవాడు ఊరుకోక, "గా బాణామతి టీచరమ్మే గద సార్?" అని అడిగాడు. చెంప మీద ఒకటి ఇద్దామని చెయ్యి లేచింది. మళ్లీ దించుకున్నాను. వాణ్ణి కొట్టే యోగ్యత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

దంతాలపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి బడిలో నేను తెలుగు పంతులును. ఆమె జనగామలో కిరాణా దుకాణం నడిపే షావుకారి బిడ్డ. వరంగల్లో సూక్ష్మజీవుల గురించి చదివింది. ఇంకా పైకి చదవాలని ఉన్నా ఇంట్లో ఒప్పుకోక మా బడికి వచ్చి పడింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే ముందు నా గొట్టాలను చూసుకునేటోణ్ణి చూపియ్యుండ్రి అని నవ్వేది. గొట్టాలంటే టిఫిను డబ్బాలో తెచ్చుకున్న మూడు గాజు గొట్టాలు, వాటికి దూది బిరడాలు. ఒకదాంట్లో ఎర్రటి సూక్ష్మజీవి పెరిగేది. మిగతా రెండింట్లో ఉన్నవీ దాని తోబుట్టువులే, కాకపోతే రంగు చేయడం మరిచిపోయిన తెల్లవి.

ఏది చేతికొచ్చినా టీచరమ్మ ముందు వాసన చూసేది, సుద్దముక్కనైనా సరే. తొలకరి పడ్డ రోజున నేను వరండాలో నిలబడి మట్టివాసన మీద సొంత పద్యం ఒకటి చదివాను. "మట్టికి వాసనెక్కడిది సార్? మట్టిల ఉన్న జీవులు చేసిపెట్టిన వాసన గది. వాన లేపుతది, అంతే" అంది. నా పద్యం అక్కడికక్కడే చచ్చింది. కోపమొచ్చి ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. కాని అప్పటి నుంచి వాన పడితే చాలు, కాళ్ల కింద ఏదో మేలుకుంటున్నట్టు అనిపిస్తుంది నాకు.

అరవై తొమ్మిది తెలంగాణ ఆందోళనలో మా బడికి తాళం పడి నెలల తరబడి తియ్యలేదు. తీసిన రోజు టీచరమ్మ, నేను, బడి ఊడ్చే అవ్వ ముగ్గురం సైన్సు గదిలోకి పోయాం. లోపల ముక్కిన వాసన. అల్మారా తెరిస్తే ఎర్రదాని గొట్టం పగిలి ఉంది. పై అరలోంచి చెమ్మ పట్టిన గోడ వెంబడి కింది దాకా నెత్తుటి చార. మనిషి అలికిడి లేని గదిలో, ఆ చీకట్లో, ఎవరి కోసం ఎర్రబడిందో అది! నాకు ఒళ్లు జలదరించింది. టీచరమ్మ మాత్రం తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు సంబరపడి, పుల్లతో కొంచెం గీరి కొత్త గొట్టంలోకి ఎక్కించుకుంది. మిగిలినదాన్ని అవ్వ గుడ్డ కోసం వెతికి, దొరక్క, తన కొంగుతోనే తుడిచింది.

నా భయం చూసి టీచరమ్మ ఆ రంగు సంగతి నాకు విప్పి చెప్పింది. ఆ జీవి లోపల ఎంజైములనే పనివాళ్లుంటారట. ఒక్కొక్కరికి ఒక్కటే పని. ఒకరు చేసిచ్చినదాన్ని ఇంకొకరు అందుకుని మరికాస్త మారుస్తారు. ఈ ఎరుపుకు అట్లాంటి వరుసలు రెండు. ఒక వరుస ఒక సగాన్ని, రెండో వరుస ఇంకో సగాన్ని వేరువేరుగా తయారుచేస్తాయి. ఆఖరి పనివాడు రెంటినీ అతికిస్తేనే ఎరుపు. సాలెల ఇంట్లో పడుగు ఒకరు, పేక ఒకరు సిద్ధం చేసినట్టన్న మాట. తెల్లవాటిలో ఒకదానికి మొదటి వరుస తెగింది, ఇంకోదానికి రెండోది. అందుకే దేనికది తెల్లగా ఉంటుంది. రెంటినీ పక్కపక్కన, తాకకుండా ఉంచితే, ఒకదాని సగం ఆవిరై గాలిలో పోయి రెండోదాన్ని చేరుతుంది. అప్పుడు రెండోది ఎర్రబడుతుంది. అసలీ రంగుతో దానికేం లాభమని అడిగాను. ఎవ్వలకూ ఎరుక లేదని చెప్పింది, అదేదో శుభవార్త అయినట్టు.

ఆ మరుసటి వానాకాలం, ఆషాఢ అమావాస్య తెల్లారి, పటేలు ఇంట్లో గంపలో మిగిలిన అన్నం మీద నెత్తుటి చుక్కలు పుట్టాయి. పారబోసి మళ్లీ వండితే మిగిలినదాని మీద మళ్లీ పుట్టాయి. అదే వారం పటేలు కోడలికి కడుపు పోయింది. ఆ ఇంటికి వడ్లు దంచడానికి పోయేది మా బడి అవ్వే. మొగుడు లేడు, పిల్లలు లేరు, అడిగే దిక్కు లేదు. ఇంకేం కావాలి? చేతబడి, బాణామతి చేసిందన్నారు. ఆ నింద పడ్డవాళ్లకు అక్కడ ఒకటే శిక్ష, మంత్రం పలకకుండా ముందరి పళ్లు పీకడం. అవ్వను పశువుల కొట్టంలో కట్టేశారు. శనివారం పంచాయితీకి పట్టుకారు తెమ్మని కమ్మరికి కబురు పోయింది. మానుకోట ఠాణాకు పోదామంటే వాగు పొంగి బాట తెగింది.

బుధవారం పొద్దున టీచరమ్మ మూడు గాజు పళ్లాలు పట్టుకుని పటేలు ఇంటికి నడిచింది. వెంట నేను. పళ్లాల్లో ఉలవల నీళ్లు, వాళ్ల నాన్న దుకాణంలో పాలు గడ్డకట్టించడానికి అమ్మే చైనాగడ్డి కలిపి కాచిన జిగురు గడ్డకట్టి ఉంది. అందరూ చూస్తుండగా ఒక పళ్లెంలో మొదటి తెల్లదాన్ని, రెండో పళ్లెంలో రెండో తెల్లదాన్ని గీతలా గీసింది. మూడోదాంట్లో రెంటినీ గీసింది, నడుమ వేలెడు ఎడం ఉంచి. మూతలు పెట్టి, పటేలు భోషాణంలోనే పెట్టించి, ఆయన తాళమే వేయించి, తాళంచెవి ఆయన మొలకే కట్టుకోమంది. మనిషి చెయ్యి పడకుండా అందులో ఎరుపు పుడితే అవ్వను విడిచిపెట్టాలని మాట తీసుకుంది.

శనివారం పటేలు మొలకున్న తాళంచెవి విప్పి పెట్టె తెరిచాడు. రెండు పళ్లాల్లో పాలమీగడ లాంటి తెల్ల గీతలు, అంతే. మూడోదాంట్లో ఒక గీత, పక్క గీత వైపున్న అంచు మాత్రం, పచ్చి నెత్తురు రంగులో ఉంది. జనం పెట్టె మీదికి వంగారు. టీచరమ్మ పడుగు, పేక అంటూ మొదలుపెట్టిందో లేదో పటేలు తల్లి లేచి నిలబడింది.

"తాళమేసిన పెట్టెల నెత్తురు పుట్టిచ్చింది. గా ముసల్దానికి గింత ఇద్దె యాడిది? గిది ఈమె పని."

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. నేనూ వేశాను. అన్నీ తెలిసినవాణ్ణి, తెలుగు నా సొంత ఆస్తి అన్నట్టు తిరిగేవాణ్ణి, ఒక్క మాట విప్పి చెప్పలేకపోయాను. నా జేబులో బాణామతి సోకకుండా మా ఆవిడ పెట్టిన నిమ్మకాయ ఉంది. దాన్ని పట్టుకున్నాను. ఆమె నా అడుగు చూసింది, చెయ్యి చూసింది.

తర్వాత అవ్వ వైపు చూసింది, కమ్మరి చేతిలోని పట్టుకారు వైపు చూసింది. పోయి కమ్మరి ముందర బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అవును, నేనే తెచ్చిన. అవ్వకేం తెల్వది. పీకుతె నా పండ్లు పీకు" అని నోరు తెరిచింది.

కమ్మరి పట్టుకారు పారేసి వెళ్లిపోయాడు. ఆమెను ముట్టుకునే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికుంది? అవ్వ కట్లు విప్పారు. పోతూ పోతూ టీచరమ్మ ఆ ఇంటి గంపలు, గుడ్డలు కాల్చేయమంది, కుండలు పగలగొట్టించింది. ఎరుపు మళ్లీ రాలేదు. తెచ్చిన మనిషే తీసుకుపోయిందని ఊరు ఖాయం చేసుకుంది.

దారిలో సిగ్గు కప్పుకోవడానికి, ధర్మం కోసం ఆడిన అబద్ధానికి దోషం లేదు టీచరమ్మా అన్నాను. ఆమె ఆగింది.

"అబద్ధం యాడిది సార్? పటేలింటి బువ్వ తెచ్చి పెంచి చూసిన. గది నా గొట్టంలదే, నాకు అనుమానం లేదు. అవ్వ కొంగుకు అంటుకొని గా ఇంటికి పోయింది. మరిగే నీళ్లల్ల కొంగు ఉడకపెట్టుమని చెప్పుడు మర్సిపోయింది నేనే."

ఆ తర్వాత ఆమెకు ఊళ్లో ఇల్లు దొరకలేదు. సైన్సు గదిలోనే వండుకుని, అక్కడే పడుకుంది. పాలు పోసేవాళ్లు లేరు. తల్లులు పిల్లల మొలకు జీడిగింజ కట్టి మరీ బడికి పంపారు. నేను ఏడాది పాటు ఆ గది గడప ఒంటరిగా తొక్కలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు. ఆమె మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి నేనే ఏడ్చినంత పని చేస్తే, ఎవ్వరొక్కరూ చెడ్డోళ్లు కాదని, తలా సగం తెస్తారని, అవి కలిస్తేనే ఎర్రబడుతుందని అంది. బదిలీ పెట్టుకోమని ఎన్నోసార్లు చెప్పాను. తాను పోతే ఆ మాట మళ్లీ అవ్వ మీదికి మళ్లుతుందని పన్నెండేళ్లు కదల్లేదు. పటేలు కుటుంబం పట్నం పోయాకే జనగామకు బదిలీ అడిగింది.

మూడేళ్ల కిందట ఆమెను బస్సెక్కించడానికి నేనొక్కణ్ణే పోయాను. రోడ్డు పక్కన అవ్వ కూర్చుని కాల్చిన మక్కబుట్ట తింటోంది. ఆ పంచాయితీ తర్వాత ఆమె కూడా సైన్సు గదిలో అడుగు పెట్టలేదు. అందరిలాగే బాణామతి మాటే నమ్మింది. నాకు మండిపోయి, ఇప్పుడైనా నిజం చెప్పి వస్తానని అటు నడవబోయాను. టీచరమ్మ వద్దని బస్సెక్కింది.

బస్సు కదిలింది. కిటికీలో టీచరమ్మ ముఖం కనబడగానే అవ్వ అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది.

"సూసిండ్రా సార్, తన పండ్లతోని మక్కలు కొరుకుతున్నది" అంది టీచరమ్మ కిటికీలోంచి నాతో, ముఖమంతా వెలిగిపోతుంటే.

బస్సు మలుపు తిరిగేదాకా అవ్వ చెయ్యి తియ్యలేదు. ఆ చేతి వెనక దవడలు మాత్రం ఆగకుండా కదులుతూనే ఉన్నాయి.