గంటా ఐదు నిమిషాలు

నేను లెక్కల మాష్టారిని. ఉండేది తెనాలి, పనిచేసేది బాపట్ల. మా బడిలోనే తెలుగు చెప్పే టీచరుగారు రోజూ రేపల్లె నుంచి వచ్చి, తెనాలిలో రైలు మారేవారు.

ఒక ఉదయం ఆవిడ పెద్ద సంచితో స్టేషన్లో కనిపించారు. తిరుపతిలో చెల్లెలికి గుండె ఆపరేషన్ట. సాయంత్రం నాలుగింటికి లోపలికి తీసుకెళ్తారు.

"అక్కని చూశాకే వెళ్తానంటోందండి. ఈ రైలెక్కితే మూడింటికల్లా అక్కడుంటాను."

"గన్నవరం నుంచి విమానముండగా రైలేంటండీ?" అన్నాను. ఫోన్ తీసి, రెండు విమానాశ్రయాల మధ్య దూరమూ సమయమూ చూపించాను. "చూడండి, గంటా ఐదు నిమిషాలు. పన్నెండింటికల్లా చెల్లెలి పక్కనుంటారు."

అప్పటికే రైలు వచ్చి ఆగింది. ఆవిడ ఒక కాలు పెట్టెలో పెట్టి, "నిజమేనంటారా మాష్టారూ?" అని అడిగారు.

"లెక్క తప్పదండి. దిగండి."

దిగారు. రైలు వెళ్లిపోయింది. అప్పుడు టికెట్ కోసం వెతికాను. ఆ రోజు నేరుగా వెళ్లే విమానమే లేదు. హైదరాబాద్ మీదుగా వెళ్తే చేరేది రాత్రికి. నేను చూసిన పేజీ దూరాన్ని వేగంతో భాగించి చెప్పిందంతే. పిల్లలకు నేను రోజూ చేయించే లెక్కే అది.

ఆవిడ సంచి మళ్లీ భుజాన వేసుకున్నారు. తరువాతి రైలెక్కి వెళ్లారు. చేరేసరికి చెల్లెలిని లోపలికి తీసుకెళ్లిపోయారు.

వారం తరువాత స్టాఫ్ రూములో హెడ్మాస్టరు అడిగారు. "చెల్లెలు ఎదురుచూస్తుంటే కాస్త ముందు బయల్దేరొద్దా అమ్మా?"

"రైలు తప్పిపోయిందండి," అన్నారావిడ.

పక్క కుర్చీలోనే ఉన్నాను. తల ఎత్తకుండా పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. దిద్దిన పేపరునే మళ్లీ దిద్దాను.

చెల్లెలు కోలుకున్నాక రేపల్లెలో వాళ్లింట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టి నన్నూ పిలిచారు. ప్రార్థన అయ్యాక భోజనాలకు కూర్చున్నాం. పలకరించడానికి వచ్చిన చెల్లెలితో, "ఆ రోజు మీ అక్కని రైలు దింపింది నేనేనమ్మా," అని మొత్తం చెప్పేశాను.

ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది.

"రెండు నెలలు అక్కతో మాట్లాడలేదండి నేను. చచ్చిపోతానేమోనని భయపడుతుంటే, ఒక్క రైలు అందుకోలేకపోయావా అని నానా మాటలూ అన్నాను. అయినా అక్క మీ పేరు చెప్పలేదు."

ఇంతలో టీచరుగారు పప్పు గిన్నెతో వచ్చారు. మా ముఖాలు చూసి ఆవిడకు అర్థమైపోయింది.

"ఇప్పుడవన్నీ ఎందుకండి మాష్టారూ? అన్నం చల్లారిపోతోంది, తినండి."

చెల్లెలు లేచి అక్క చేతిలో గిన్నె అందుకుంది. అందుకుని, వడ్డించకుండా, అక్క భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేను విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక అన్నం కలపడం మొదలుపెట్టాను.