జాక్లిన్ గీసిన గళ్లు

సిడ్నీ దగ్గరి పారమట్టాలో చరిత్ర చదువుకునే జాక్లిన్ స్కేలు పెట్టి గళ్లు గీయందే ఏదీ రాయదు. జపాన్‌కి స్కీయింగ్‌కి వెళ్తున్న ఆరుగురు స్నేహితుల బూట్ల సైజులూ, ఏ రోజు ఎక్కడికన్నదీ ఒకే కాగితం మీద తనే రాసింది. చివరి రెండు రోజుల గళ్లలో మాత్రం కనజావా కోట, పాత సమురాయ్ యోధుల వీధులు రాసుకుంది. ఆమె బయల్దేరేదే వాటి కోసం. యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఆ స్నేహితుల్లో ఒకడైన మెల్విన్ ఆ రెండు గళ్లనూ అడ్డంగా కొట్టేశాడు.

"పౌడర్ స్నో, అంత మెత్తటి పొడి మంచు మళ్లీ దొరకదు జాకీ. కోటదేముందే, ఫోన్‌లో చూసుకో!"

అందరూ నవ్వారు. వారం రోజుల మంచు చాలదట వీళ్లకి! జాక్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితానికి స్కేలు ఆనించి, గీత తప్పకుండా చింపి, సైజుల ముక్కను అతని ముందుకు తోసింది.

"మీ బూట్ల లెక్క మీరే చూసుకోండి. ఆ రెండ్రోజులూ నేను కోటకే పోతా, ఒక్కదాన్నే."