వెయ్యిన్ని ఐదో నంబరు కబురు

ఇనుప గనుల ఊరు బచేలిలో ఒక రెండంతస్తుల మేడ మీద, నీళ్ళ ట్యాంకుకు కొంచెం ఎడంగా, నడుమెత్తు సిమెంటు దిమ్మె ఒకటుంది. దాని నెత్తిన బోర్లించిన పళ్ళెమంత తెల్లటి పుట్టగొడుగు. కదలదు, మెదలదు, చప్పుడు చెయ్యదు. కింద ఉన్న సర్వే ఆఫీసునూ పైనున్న ఆ పుట్టగొడుగునూ కనిపెట్టుకుని ఉండడమే పైడయ్య కొలువు.

కదలనిదానికి కాపలాగా ఇంతకన్నా కదిలిన మనిషి దొరకడు. శృంగవరపుకోట వైపు నుంచి పలుగూ పారా పట్టుకుని కిరండూల్ రైలు లైను వెయ్యడానికి వచ్చిన తండ్రి వెంట పైడయ్య బాల్యం అంతా గ్యాంగు గుడిసెల్లోనే నడిచింది. పట్టాలు ఎంత ముందుకు పోతే ఇల్లు అంత ముందుకు. కొండల్ని తొలిచిన ఆ దారిన ఎర్రటి ఇనుపరాయి విశాఖపట్నం దిగి ఓడెక్కి జపాను పోయేది. పైడయ్య మాత్రం ఆ లైను దాటి ఎక్కడికీ పోలేదు. పెద్దయ్యాక అదే లైను మీద పాయింట్స్‌మన్ అయ్యాడు. బండి ఏ పట్టా మీదికి పోవాలో ఆ పట్టా కలిపి, తాళం బిగించి, కళ్ళారా చూసి, దీపం ఊపే పని. అరవై నిండాక రైలు వాళ్ళు దండ వేసి పంపేస్తే, రెండో నెలలోనే ఈ మేడ మీదికెక్కాడు.

మొదట్లో అది టీవీ డబ్బా అనుకున్నాడు. సర్వే ఇంజనీరు సునీల్‌కుమార్ కిరండూల్ రైలు కాలనీలో పుట్టి పెరిగినవాడు, పైడయ్యను బాబాయ్ అని పిలిచేవాడు. ఒక మధ్యాహ్నం తీరిక దొరికి విషయం చెప్పాడు.

"పైన ఆకాశంలో ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి బాబాయ్. మనవాళ్ళవి కొన్ని ముప్పై ఆరు వేల ఎత్తున. అవన్నీ టైము చెప్తుంటాయి. ఆ మాట ఇక్కడికి రావడానికి పట్టిన సేపును బట్టి మనం ఎక్కడున్నామో తెలుస్తుంది."

"ఎంత సేపు పడతాది?"

"దగ్గరివైతే సెకనులో పదిహేనో వంతు."

పైడయ్య తలెత్తి చూశాడు. పట్టపగటి నీలం తప్ప ఏమీ లేదు. ఆ నీలం నిండా మాటలున్నాయంటే ఒళ్ళు జలదరించింది.

"అయితే దారిలో గాలీ తేమా ఆ మాటను కొంచెం ఆలస్యం చేస్తాయి. అందుకని పొలంలో ఉన్న యంత్రం మూడు నాలుగు మీటర్లు తప్పు చెప్తుంది. ఈ పుట్టగొడుగుకు మాత్రం తను ఎక్కడుందో ముందే తెలుసు, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఉపగ్రహాల మాట ఎంత దారి తప్పుతోందో అది వింటుంది. సెకనుకోసారి విన్నదంతా ఇంటర్‌నెట్ మీద పంపిస్తుంది. పొలంలో యంత్రం ఆ కబురు అందుకుని తన తప్పు దిద్దుకుంటుంది. అప్పుడు తేడా రెండు వేళ్ళు, అంతే."

కంప్యూటరు తెరమీద ఆ కబుర్లు బారులు తీరి పోతున్నాయి. సునీల్‌కుమార్ వేలు పెట్టి చూపించాడు. ప్రతి కబురూ ఒకే గుర్తుతో మొదలవుతుంది, రెండువందల పదకొండు అనే అంకెతో. అది పలకరింపు. ఆ తర్వాత కబురు పొడుగెంతో. ఆ తర్వాత కబురు నంబరు, విషయం. చివర మూడు అక్షరాల లెక్క. అవతలివాడు తనూ ఆ లెక్క వేసుకుని, సరిపోతేనే కబురు పుచ్చుకుంటాడు, లేకపోతే పారేస్తాడు.

పైడయ్య ముఖం వెలిగిపోయింది. "ఓర్నీ! ఇది మా స్టేషను మాస్టర్ల ఫోనే గదా! ముందు స్టేషను పేరు, తర్వాత బండి నంబరు, ఆకర్న సరిసూసుకోడానికి ప్రైవేటు నంబరు. ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క మాట తక్కువుండదు."

"అదే. మాట ఎంత పొట్టిగా ఉంటే పాడు నెట్‌వర్కులో అంత బాగా పోతుంది. పదిసెకన్లకోసారి వచ్చే ఈ వెయ్యిన్ని ఐదు చూశావూ? అది పుట్టగొడుగు చిరునామా. 'నేను ఫలానా చోట ఉన్నాను' అని."

వెనకటికి గొలుసులు భుజాన వేసుకుని దేశమంతా నడిచి కొలిచినవాళ్ళున్నారు. ఒక కొండ మీద దీపం పెట్టి ఇంకో కొండ మీంచి నెలల తరబడి దుర్భిణీ పట్టుకు కూర్చున్నవాళ్ళున్నారు. జ్వరాలతో పోయిన వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. ఇక్కడ ఒక పుట్టగొడుగు ఊరికే కూర్చుని, పదిసెకన్లకోసారి 'ఇక్కడే ఉన్నా' అంటే, చుట్టూ ఇరవై కిలోమీటర్ల అడవి సరిగ్గా కొలవబడుతోంది. ఆనాటినుంచి పైడయ్య మేడ మీదికి చెప్పులతో ఎక్కలేదు.

అందుకే విశ్వకర్మ పూజనాడు అలా జరిగింది.

ఆ రోజు గని ఊళ్ళలో ప్రతి యంత్రానికీ స్నానం, బొట్టు, దండ. అంత పెద్ద డంపర్లకే నిమ్మకాయలు కడతారు గదా, దీనికెందుకుండకూడదని పైడయ్య దిమ్మెకు సున్నం కొట్టాడు. పుట్టగొడుగును మర విప్పి దించి, తడిగుడ్డతో తుడిచి, భార్య దేవుడమ్మ ఇచ్చిన పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చాడు. తిరిగి బిగించబోతే దిమ్మె ఇంకా పచ్చిగా ఉంది. పక్కనే, తూర్పున, ట్యాంకుకు మరీ దగ్గరైందని వదిలేసిన పాత దిమ్మె ఉంది; దానికీ అదే మర. సున్నం ఆరేదాకా అని దాని మీద బిగించాడు. దాని కింది పెట్టెలో పచ్చదీపం వెలిగింది. ఇంతలో వాన పట్టుకుంది. పైడయ్య కిందికి దిగాడు, మర్చిపోయాడు.

తొమ్మిదో రోజు కోసే అనే ఆవిడ వచ్చింది. దగ్గర్లోని గోండుల ఊరు ఆమెది. ఇరవై ఏళ్ళు బచేలి క్వార్టర్లలో ఆంధ్రావాళ్ళ ఇళ్ళల్లో పనిచేసి వాళ్ళ తెలుగే పట్టుకుంది. గుమ్మంలోనే చతికిలబడింది.

"దాదా, నా ఇప్పసెట్టు అడివిలోకి ఎల్లిపోనాది."

"సెట్టెక్కడికి ఎల్తాదే?"

"నీకు నవ్వులాటగా ఉందా? మొన్న మీ సునీలు బాబు యంత్రం కర్రట్టుకొచ్చి నా పట్టా సేనుకి అడివి హద్దు రాళ్ళు పాతీసినాడు. పడమటి గట్టు మీద నా సెట్టు. రాయి సెట్టుకి ఇవతల పడ్డాది. సోమారం కాయితాల మీద అందరి ఏలిముద్రలూ ఏయిస్తారట. ఏసీసినాక ఆ పువ్వు ఏరుకోడానికి నేను అడివి ఆపీసు జంగల్ సాయిబుని అడగాలట. మా అత్తకి ముందునుంచీ ఏరుతున్నాం దాదా!"

"యంత్రం సెప్పినాది గదా..." అన్నాడు పైడయ్య మెల్లగా.

"యంత్రానికి నా అత్త తెలుసా? పాత గట్టు అంచునుంచి కొత్త రాయికి నేను కొలిసినాను. రెండు మూరల మీద నాలుగు వేళ్ళు." మోచెయ్యి చాచి చూపించింది. "తూరుపుకి జరిగిపోనాది. అన్ని రాళ్ళూ అలాగే, తూరుపుకే."

అన్ని రాళ్ళూ. తూర్పుకే. పైడయ్యకు కాళ్ళ కింద పట్టా మారినట్టయింది.

మేడమెట్లు రెండేసి ఎక్కాడు. సున్నం కొట్టిన దిమ్మె తెల్లగా ఆరి, ఖాళీగా ఉంది. పుట్టగొడుగు తూర్పు దిమ్మె మీద, వానకు సగం కరిగిన బొట్టుతో. ఒకదాని నడినెత్తినుంచి ఇంకోదాని నడినెత్తికి మోచెయ్యి వేసి కొలిచాడు. రెండు మూరలు. కోసే చెయ్యి తన చేతికన్నా పొట్టి. నాలుగు వేళ్ళు అక్కడ సరిపోయాయి.

తొమ్మిది రోజులుగా అది చోటు మారినా పదిసెకన్లకోసారి 'అక్కడే ఉన్నా' అని చెబుతోంది. పలకరింపు సరిగ్గా ఉంది. పొడుగు సరిగ్గా ఉంది. చివరి లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ లెక్క మాట దారిలో చెడలేదని మాత్రమే చెబుతుంది. మాట నిజమో కాదో దానికేం తెలుసు? ప్రైవేటు నంబరూ అంతే. అందుకే గదా, నంబరు ఎంత సరిగ్గా ఉన్నా, పట్టా దగ్గరకెళ్ళి కళ్ళారా చూసే మనిషొకడు కావాలని రైలు వాళ్ళు పాయింట్స్‌మన్‌ను పెట్టుకున్నారు! ఆ చూసే మనిషే ఇక్కడ మరిచిపోయాడు.

మర మీద చెయ్యి వేశాడు. ఇప్పుడే మార్చేస్తే ఎవరికీ తెలియదు. కానీ అడవిలో పాతిన రాళ్ళు వాటంతటవి నడిచి రావు.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన దేవుడమ్మ విని గుండెలు బాదుకుంది. "ఉజ్జోగం పీకీస్తారయ్యా! అయినా నాను పసుపు ఇచ్చినాను గాని, దించమని సెప్పినానేటి?"

"నువ్వు సెప్పలేదులే. కోసే సెట్టు మాత్రం సోమారం ఎల్లిపోతాది," అని, అన్నం ముట్టకుండా ఫోను తీశాడు. "సునీలు బాబూ, పుట్టగొడుగు అబద్ధమాడతన్నాది. నేనే ఆడించినాను."

సునీల్‌కుమార్ గంటలో వచ్చాడు. రెండు దిమ్మెలనూ చూశాడు, కుంకుమ చూశాడు.

"నలభైమూడు రాళ్ళు పాతాను బాబాయ్. రోజూ పనికి ముందు, ఎక్కడుందో కచ్చితంగా తెలిసిన పాత రాయి మీద యంత్రం పెట్టి సరిచూసుకోవాలి. అది బురదలో మునిగిందని నేనూ వదిలేశాను." దిమ్మెకు జారగిలబడ్డాడు. "పై ఆఫీసుకు రాయాలి. ఏమని రాయను?"

"జరిగింది జరిగినట్టు రాయి. నా పేరు రాయి."

"రెండు పేర్లూ రాస్తాను."

పుట్టగొడుగును దాని చోట పెట్టి బిగించారు. పైడయ్య కొలువు ఉంటుందో ఊడుతుందో ఇద్దరికీ తెలియదు. సోమవారం లోపల నలభైమూడు రాళ్ళూ పెకలించి మళ్ళీ పాతాలి; మొదటిది కోసే చేనులో అన్నాడు పైడయ్య.

మర్నాడు పొద్దున ఆ పడమటి గట్టు మీద సునీల్‌కుమార్ యంత్రం తగిలించిన కర్ర నిలబెట్టాడు. కాసేపు ఏమీ లేదు. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చిన మాట ఒకటి, బచేలి మేడ మీంచి వచ్చిన కబురు ఒకటి, కర్రకున్న చిన్న తెరలో కలుసుకున్నాయి. కర్ర ఒక్కో అడుగూ పడమటికి నడిచింది. చెట్టు మొదలును దాటింది. పాత గట్టు అంచున ఆగి కూత కూసింది.

కోసే వచ్చి కర్ర మొనకు చెయ్యి ఆనించి చూసింది. గట్టు అంచుకూ దానికీ మధ్య చిటికెనవేలు కూడా దూరలేదు. చెట్టువైపు చూడలేదు, తలెత్తి పైకి చూసింది.

"ఇప్పుడు నిజమే సెప్తన్నాదా దాదా?"

పైడయ్య తెరలో కబుర్ల బారు చూస్తూ పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టాడు.

"సెప్పినాది," అన్నాడు. ఇంకో పది లెక్కపెట్టాడు. "మళ్ళీ సెప్పినాది."